ఆరు ముళ్ళ దూరం

విమానాశ్రయ సరుకుల విభాగపు ఉన్నతాధికారి గారి సముఖమునకు సవినయంగా విన్నవించుకొనేది.

ఈ విన్నపం ఎవరిని గురించినదో ఆయనను షెడ్డులో అందరూ దారం బాబాయి అంటారు. వయస్సు యాభై ఎనిమిది. నేను ఆయనను ఇరవై ఆరేళ్ళుగా ఎరుగుదును. నేను తమ కార్యాలయపు వరండాలో, మెట్ల పక్కనున్న బల్ల వద్ద కూర్చుని అనుమతి పత్రాలకు శుభ్రప్రతులు రాసే గుమాస్తాను. ఇన్నేళ్ళూ ఇతరులు చెప్పినది రాశాను. నా అంతట నేను ఒక అధికారికి ఉత్తరం రాయడం ఇదే మొదలు కనుక, ఇందులో క్రమం తప్పితే మన్నించ ప్రార్థన.

ఆయన ఏ పని చేస్తాడో తమకు తెలుసును. అయితే ఆ పని ఏ విధంగా చేస్తాడో తెలిసే అవకాశం తక్కువ. తమ గది నుండి షెడ్డు కనిపించదు. అందుచేత మొదటి నుండి చెబుతాను.

ఆయన వడ్రంగి. పళ్ళకు పలక పెట్టెలు చేయడానికి వచ్చి చేరాడు. అప్పట్లో విమానంలో పంపవలసిన శవాలకు పెట్టెలు కట్టే పాత మేస్త్రీ ఒకడుండేవాడు. ఆ మేస్త్రీకి కంటిచూపు తగ్గాక, ఈ పని చేయడానికి మరెవరూ ముందుకు రాలేదు. మేస్త్రీ పళ్ళ పెట్టెల వైపు చూసి, "నీ చేతిలో పలక వంకర పోదు. ఇటు రా" అన్నాడట. ఆ రోజు నుండి నేటి వరకు ఆయన ఆ మూలనే ఉన్నాడు. తడిసిన రంపపు పొట్టు, మంచుగడ్డల సంచులు, మూలకు ఆనించిన రేకులు, గోనెపట్టాల చుట్ట, గోడ మీద ఒక పెద్ద పటం. ఆ పటంలో ప్రతి విమానాశ్రయం దగ్గరా ఒక చిన్న మేకు ఉంటుంది. మన ఊరి మేకుకు మైనం పట్టించిన దారం ఒకటి వేలాడుతుంది. ఆ దారానికి వరుసగా ముళ్ళుంటాయి. ముడికీ ముడికీ మధ్య దూరం విమానానికి అరగంట ప్రయాణం. ఇదంతా పాత మేస్త్రీ కట్టిన లెక్క.

శవంతో వచ్చినవాళ్ళను దారం బాబాయి ఒక్కటే అడుగుతాడు: "ఎక్కడికి?" పోయినవారెవరో, ఎలా పోయారో అడగడు. దారాన్ని ఆ ఊరి మేకు దాకా లాగి ముళ్ళు లెక్కపెడతాడు. ఎక్కించడానికి ఒక ముడి, దించడానికి ఒక ముడి కలుపుతాడు. మొత్తం ఎనిమిది ముళ్ళ లోపైతే దగ్గర ప్రయాణం. అలాంటి శవానికి ఆసుపత్రిలో చెడకుండా ఉంచే మందు ఎక్కించరు. చుట్టూ మంచు సంచులు పెట్టి, పలక పెట్టెకు మరమేకులు బిగిస్తారు. అక్కడివాళ్ళు మూత తీసి ముఖం చూసుకోవచ్చు. ఎనిమిది దాటితే మందు ఎక్కించి, లోపల రేకు పెట్టె అమర్చి, దాని అంచులన్నిటినీ గాలి చొరకుండా కడ్డీ కాల్చి అతికి మాటు వేస్తారు. మాటు వేసి గోనెపట్టా చుట్టిన పెట్టెను ఎవరూ తెరవరు. తెరవడానికి పనిముట్లూ ఉండవు, తెరిచే ధైర్యమూ ఉండదు. పెట్టెను పెట్టెగానే సాగనంపుతారు. కాబట్టి కన్నవాళ్ళు ముఖం చూస్తారా, గోనెపట్టా చూస్తారా అన్నది ఆ దారం తేల్చవలసిన విషయం.

ఇటువంటి చోట నవ్వులుండవని తమరు అనుకోవచ్చు. ఉంటాయి. హమాలీలలో ఒక వాగుడుకాయ ఉన్నాడు. ఒకనాడు వాడు, "బాబాయ్, నేను పోతే మా ఆవిడ పుట్టింటికి పంపు. ఎన్ని ముళ్ళో చూడు" అన్నాడు. దారం బాబాయి తల ఎత్తకుండానే, "నిన్ను పక్క వీధికి పంపినా మాటెయ్యాల్సిందేరా. నోరు ఊరుకోదు" అన్నాడు. షెడ్డంతా నవ్వింది. ఆ రోజుల్లో ఆయనా నవ్వేవాడు.

ఆయన తల్లి వేరే ఊళ్ళో కూతురి దగ్గర ఉంటుంది. ఆ ఊరు దారానికి సరిగ్గా ఆరు ముళ్ళ దూరం. పెళ్ళి చేసుకోని తమ్ముడు ఒకడు అక్కడే ఇళ్ళకు రంగులు వేసుకొంటూ తల్లిని కనిపెట్టుకొని ఉండేవాడు. తల్లికి తల దువ్వడం దగ్గర నుండి అన్నం పెట్టడం వరకు అన్నీ అతడే చేసేవాడు. పోయిన వేసవిలో అతడికి కాలేయం చెడి, అక్కడి డాక్టర్లు చేతులెత్తేస్తే, ఇక్కడి పెద్దాసుపత్రిలో చూపించడానికి అన్న పిలిపించుకొన్నాడు. మూడు వారాలు ఇక్కడే ఉన్నాడు. రెండుసార్లు షెడ్డుకు కూడా వచ్చి, అన్న పనిచేస్తుంటే పలకల మీద కూర్చుని చూశాడు. ఒకసారి నా బల్ల మీది సిరాబుడ్డి మూతకు అంటిన రంగును చూసి, "ఇది అసలు నలుపు కాదండీ, నీలం కలిసిన నలుపు" అన్నాడు. అంతకుమించి అతడితో నాకు పరిచయం లేదు. నాలుగో వారం మొదట్లో పోయాడు.

తల్లికి ఫోను చేసి చెప్పింది అన్నే. ఆమె ఏడవలేదట. కొడుకు పని ఏమిటో ఎరిగిన తల్లి కనుక ఒక్కమాట అడిగింది.

"మాటేసి పంపకురా పెద్దోడా. ముఖం చూడాలి."

"అలాగేనమ్మా" అన్నాడు ఈయన.

ఇక్కడ జరిగినది ఉన్నదున్నట్లు రాయడం నా విధి. ఆరు ముళ్ళకు ఎక్కించే ముడి, దించే ముడి కలిపితే ఎనిమిది. లెక్క సరిగ్గా అంచు మీద నిలిచింది. అంచు మీద నిలిస్తే ఏమి చేయాలో పాత మేస్త్రీ చెప్పే పోయాడు: ఆఖరి ముడి మీద ఆగితే మాటు వేయి. ఆ మాట ఈయన ఏ ఒక్కరి విషయంలోనూ జవదాటలేదు. ఎందరు కాళ్ళావేళ్ళా పడినా వినలేదు. తమ్ముడి విషయంలో దాటాడు. మందు ఎక్కించాలంటే మరొక రోజు ఆగాలి, తల్లి ఎదురుచూస్తోంది, ఆమె అడిగింది ఒక్కటే. మామూలు కంటె రెండింతలు మంచు పెట్టాడు. గడ్డం గీశాడు. మరమేకులు బిగించి, చెయ్యి కాసేపు మూత మీద ఉంచి తీశాడు. నేను అనుమతి పత్రం తీసుకొని వెళ్ళినప్పుడు చూసినది ఇంతే.

రెండు విమానాశ్రయాల నడుమ దూరం ఆనాడు ఎంతో ఈనాడూ అంతే. పట్టిన సమయం మాత్రం వేరు. ఆ దారిలో ఒకచోట విమానాలు పోకుండా ఆకాశాన్ని మూసివేసినందువలన, అంతకు నాలుగు రోజుల ముందు నుండి ఆ విమానం చుట్టు తిరిగి, మధ్యలో ఒక ఊళ్ళో ఇంధనం కోసం ఆగి పోతోంది. ఈ మార్పును ప్రయాణికుల హాలులో పలక మీద పెద్ద అక్షరాలతో వేశారు. షెడ్డుకు ఎవరూ చెప్పలేదు. చెప్పాలని నియమం లేదు. షెడ్డువాళ్ళు హాలులోకి పోవాలంటే వేరే అనుమతి చీటీ ఉండాలి కనుక ఈయన ఎన్నడూ అటు పోలేదు. గోడ మీది పటానికి ఆకాశం మూసిన సంగతి తెలియదు. దారం మేకు నుండి మేకుకు తిన్నగానే పోయింది.

మధ్య ఊళ్ళో విమానం బరువెక్కువైందని కొన్ని పెట్టెలను దించి, తరువాతి విమానానికి ఉంచారు. అందులో ఇది ఒకటి. పగలంతా తోపుడుబండి మీద ఎండలో ఉండిపోయింది. తల్లి దగ్గరకు చేరేసరికి మర్నాడయింది.

చెల్లెలు మూత తీయవద్దంది. తల్లి వినలేదు. ఆ తరువాత ఏమయిందో నాకు దారం బాబాయి భార్య చెప్పింది. ఫోను మోగితే ఈయన ఎత్తాడు. పక్కన ఈమె ఉంది.

"ఎవర్ని పంపావురా?" అంది తల్లి.

"చిన్నోణ్ణేనమ్మా."

"చిన్నోడి ముఖం నాకు తెలీదా? ఎవర్నో మార్చి పంపావు. ఆ బిడ్డ తల్లి ఎక్కడ ఏడుస్తోందో ఏమో. తిరిగి పంపేస్తాను, చూసుకో. చిన్నోడికి తగ్గాక వాణ్ణి పంపు."

చెల్లెలూ ఆమె భర్తా ఆ పెట్టెను ఆ పూటే సాగనంపారు. తల్లి గది తలుపు వేసుకొని కూర్చుంది. పరాయివాళ్ళ బిడ్డను సాగనంపడానికి తనెందుకు రావాలంది.

అది జరిగి ఏడు నెలలయింది. ఆమె ప్రతి సాయంత్రం ఫోను చేస్తుంది. చిన్నోడు అన్నం తింటున్నాడా, మందులు వేసుకొంటున్నాడా, ఎప్పుడు పంపుతారు అని అడుగుతుంది. కోడలు జవాబు చెబుతుంది. ఒకరోజు ఆమె నా బల్ల దగ్గరకు వచ్చి, ఏ పత్రమూ లేకుండా ఉత్తినే కూర్చుంది.

"తింటున్నాడత్తయ్యా, పడుకున్నాడత్తయ్యా అని రోజూ చెప్తున్నానండి గుమాస్తాగారూ. అబద్ధమాడే పని నాకు పెట్టాడు. ఆయన మటుకు ఫోను మోగగానే స్నానాలగదిలోకి పోయి కుళాయి తిప్పుకొని నిలబడతాడు. బకెట్టు నిండి పొర్లిపోతున్నా కట్టడు."

"ఒకసారి వెళ్ళి రమ్మనలేకపోయావా అమ్మా?" అన్నాను.

"రైల్లో రెండు రాత్రులు. సెలవు లేదంటాడు. సెలవు అడిగితే కదండీ లేదనడానికి."

తల్లి ఆశతోనే కాలం వెళ్ళదీస్తే తప్పేమిటని ఆయన ఒకసారి నాతో అన్నాడు. అది ఆశ కాదని చెల్లెలి ఫోను వల్ల తేలింది. విమానం చప్పుడు వినబడితే చాలు, ఆమె వీధిలోకి వచ్చి నిలబడుతోంది. రాత్రీ లేదు, పగలూ లేదు. రెండుసార్లు పడింది. ఇప్పుడు అన్నం సయించడం లేదు. చెల్లెలు చెప్పినది ఇది:

"నా మాట నమ్మదన్నయ్యా. మా ఆయన మాటా నమ్మదు. నువ్వొచ్చి ఎదురుగా కూర్చుని చెప్తే నమ్ముతుంది. పెట్టె కట్టినవాడివి నువ్వు. ఎన్నాళ్ళో ఉండదు. అది మటుకు చెప్తున్నా."

ఇక తమ విచారణలోని అంశానికి వస్తాను.

పాము కరిచినవాడికి తాడును చూసినా భయమే అన్నట్లు, తమ్ముడు పోయిన నాటి నుండి దారం బాబాయి ప్రతి పెట్టెకూ మాటు వేస్తున్నాడు. రెండు ముళ్ళ దూరమైనా సరే, పది ముళ్ళ దూరమైనా సరే. దారం అలవాటు కొద్దీ లాగుతాడు. ముళ్ళు లెక్కపెడతాడు. ఆపైన వెళ్ళి కడ్డీ కాలుస్తాడు. ఇప్పటి షెడ్డు మేస్త్రీ ఆయనను, పిడుగుకూ బియ్యానికీ ఒకటే మంత్రమా అని నిలదీస్తే కడ్డీ కాల్చడం ఆపలేదట. ఏడ్చుకొంటూ వచ్చేవాళ్ళకు అడిగే ఓపిక ఉండదు. ఏది ఇస్తే అది తీసుకొని పోయారు.

పోయిన నెలలో ఒక బడి పంతులమ్మ అడిగింది. ఆమె భర్త ఇక్కడ పని మీద ఉండగా గుండె ఆగి పోయాడు. ఊరు మూడు ముళ్ళ దూరం. ఇద్దరు ఆడపిల్లలు అక్కడ ఎదురుచూస్తున్నారు. నేను పత్రాలు ఇవ్వడానికి పోయి అక్కడే ఉన్నాను. రేకు పెట్టెను చూసి ఆమె ఆగింది.

"గంటన్నర ప్రయాణానికి రేకెందుకండీ?"

"గంటన్నరని ఎవరు చెప్పారమ్మా?"

"టికెట్టు మీద ఉంది."

"నాకూ ఉండింది" అన్నాడాయన.

ఆమెకు ఆ మాట అర్థం కాలేదు. అర్థమయ్యే వీలూ లేదు. పిల్లలు ముఖం చూడాలి, మూత మామూలుగా బిగించండి అని నిదానంగా, బడిలో పాఠం చెప్పినట్లు, రెండుసార్లు చెప్పింది. ఆయన మారు పలకలేదు. ఆమె దానిని ఒప్పుకోలుగా తీసుకొని హాలుకు వెళ్ళింది. ఆమె వెళ్ళాక ఆయన మాటు వేశాడు. ఆ విమానం చెప్పిన వేళకు బయలుదేరి చెప్పిన వేళకు దిగింది. ఆ పిల్లలు గోనెపట్టా చూశారు.

ఆమె తిరిగి వచ్చి ఫిర్యాదు ఇచ్చింది. దానికి శుభ్రప్రతి రాసినది నేనే. ఒక్క అక్షరం మార్చలేదు. మార్చవలసినదీ లేదు. ఆమె రాసినదంతా నిజం. రాయడం పూర్తయ్యాక, నా పరిధి కాకపోయినా, ఆయన తమ్ముడి సంగతీ తల్లి సంగతీ ఆమెకు చెప్పాను. ఆమె కలం మూత తీసి పట్టుకొంది.

"ఆయన మీద జాలి పడమంటే పడతానండి. అది వేరు, మా ఆయన ముఖం వేరు. చిన్నది ఇప్పటికీ ఆ పెట్టెలో నాన్న ఉన్నాడో లేదో అంటుంది. ఏం చెప్పమంటారు?"

ఫిర్యాదును ఆమె ముందుకు జరిపాను. ఆమె సంతకం పెట్టి, మడిచి, మళ్ళీ అంది:

"పని లోంచి తీసెయ్యమని నేను రాయించలేదు. ఇంకొకరికి ఇలా చెయ్యకూడదని రాయించాను. ఆ తేడా మీ ఆఫీసరుగారికి తెలుస్తుందా?"

తెలుస్తుందనే నేను బదులు చెప్పాను.

ఈ నెలాఖరు నుండి ఆయనను తొలగిస్తూ తమరు ఇచ్చిన ఉత్తర్వుకు కూడా నేనే శుభ్రప్రతి రాశాను. అందులో రెండు విమానాశ్రయాల మధ్య దూరం, విమానానికి పట్టే సమయం ప్రస్తావించి, అంత తక్కువ ప్రయాణానికి మాటు వేయడం అకారణమని రాశారు. ఆ వాక్యం రాస్తున్నప్పుడు నా చెయ్యి ఆగింది. కారణం ఉంది, అది కాగితాలలో లేదు. అందుకే ఇప్పుడు కాగితం మీద పెడుతున్నాను. కారణం ఉన్నంత మాత్రాన ఆ పిల్లలకు జరిగినది సరి అవుతుందని నేను అనడం లేదు. ఆయనా అనడు. తొలగింపు మీద అప్పీలు రాయిస్తావా అని అడిగితే, "వాళ్ళు రాసింది నిజమే కదండీ" అన్నాడు.

అయితే మరొక సంగతి ఉంది. ఇక్కడ ఇరవై ఏళ్ళ పని నిండినవాళ్ళకు ఏడాదికి ఒకసారి విమానంలో ఉచితంగా ఒక సీటు ఇచ్చే నిబంధన ఉన్నది. దారం బాబాయి దానిని ఎన్నడూ వాడుకోలేదు. ఆయన ఇంతవరకు విమానం ఎక్కలేదు. తొలగింపు అమలైన రోజుతో ఆ హక్కు పోతుంది. రెండు రాత్రుల రైలు ప్రయాణానికి ఆయన ఎలాగూ కదలడు. కదిలే లోపల తల్లి ఉంటుందన్న నమ్మకమూ లేదు.

నిన్న మధ్యాహ్నం నేను షెడ్డుకు పోయాను. పెట్టె ఏదీ లేదు. ఆయన పటం ముందు బల్లపై కూర్చుని ఉన్నాడు. నీ తరఫున సీటు అడుగుతూ ఉత్తరం పెడతాను, వెళ్తావా అని అడిగాను. ఆయన లేచి దారం అందుకొని తల్లి ఊరి మేకు దాకా లాగాడు. ఆరో ముడి మేకు మీద కూర్చుంది. వేళ్ళతో దానిని నొక్కి పట్టుకొని అలాగే నిలబడ్డాడు.

"ఇప్పుడు తిన్నగా పోతోందా, చుట్టు తిరిగి పోతోందా?"

"కనుక్కొంటాను" అన్నాను.

"మధ్యలో దించేస్తే?"

"నువ్వు మనిషివయ్యా. సీట్లో కూర్చున్నవాణ్ణి దించరు."

ఆ మాటకు ఆయన నవ్వుతాడేమోనని చూశాను. నవ్వలేదు. దారం వదిలేశాడు. అది ఊగి ఊగి గోడకు ఆనుకొంది.

"గుమాస్తాగారూ, ఆవిడ నన్నయినా గుర్తుపడుతుందంటారా?"

వెళ్తానని ఆయన నోటితో అనలేదు. కానీ నేను లేచి వస్తుంటే వెనుక నుండి, చొక్కా ఉతికించుకోవాలి, ఎప్పటికో ముందుగా చెప్పండి అన్నాడు. నేను దానిని సమ్మతిగా గ్రహించి ఈ విన్నపం రాస్తున్నాను. ఆయన మౌనాన్ని పంతులమ్మ ఒకసారి పొరపాటుగా సమ్మతి అనుకొంది. నేను పొరబడలేదనే నమ్ముతున్నాను.

కావున తమ దయగల సముఖమునకు విన్నవించుకొనేది ఏమనగా: తొలగింపు ఉత్తర్వును తమరు రద్దు చేయవలెనని కోరడం లేదు. ఆయన తన తల్లి దగ్గరకు పోయి, చెప్పవలసినది ఆమె ఎదుట కూర్చుని చెప్పి తిరిగి వచ్చేవరకు దాని అమలును ఆపి ఉంచవలసిందిగానూ, ఇంతకాలమూ ఆయన వాడుకోని సీటును ఈ వారంలోనే, ఆ ఊరికి పోయే మొదటి విమానంలో ఇప్పించవలసిందిగానూ ప్రార్థిస్తున్నాను. ఇకమీదట ఆ మూల కూర్చునేవారు ఎవరైనా, ప్రయాణ సమయం మారిన ప్రతిసారీ ఆ సంగతిని హాలుతో పాటు షెడ్డులో కూడా వేయించమని మనవి.

ఆ విమానం ఇప్పటికీ మధ్యలో ఆగి పోతున్న పక్షంలో, ఎక్కడ ఆగుతుందో, ఎంతసేపు ఆగుతుందో ఆయనకు ఒక రోజు ముందుగా తెలియజేయవలసిందిగా ప్రత్యేకంగా కోరుతున్నాను.

ఇట్లు,
తమ కార్యాలయపు వరండాలోని శుభ్రప్రతుల గుమాస్తా